మర్యాదైన గుడ్లు

1958లో ఒక సోమవారం పొద్దున హయాత్ చేయవలసిన పని ఒక్కటే. బస్సెక్కి ప్రత్తిపాడు వెళ్ళి రెండు డజన్ల గుడ్లు తేవాలి. గుంటూరులో ఒక కాలేజీ లాబొరేటరీకి అతడు అసిస్టెంటు. అక్కడి డాక్టర్ సుబ్బరావమ్మ గారు గుడ్డులో పెరిగే పిండానికి బలం తగ్గించిన వైరస్ ఎక్కించి, అది రోగాన్ని ఎలా తట్టుకుంటుందో, దాని వెన్నులోంచి బయల్దేరిన నరం కాలి దాకా దారి ఎలా వెతుక్కుంటుందో చూడాలనుకుంటున్నారు. పదిహేను రోజుల్లో మద్రాసు నుంచి ఒక పెద్ద శాస్త్రజ్ఞుడు వస్తున్నారు. ఆయనకు బతికున్న పిండాలు చూపించలేకపోతే ఆ గది విరిగిన కుర్చీలు పడేసే కొట్టయిపోతుంది.

"పుంజు తొక్కిన గుడ్లే తేవాలి, లేకపోతే లోపల పిండమే ఉండదు, మర్చిపోకు," అన్నారు డాక్టరమ్మ గారు.

హయాత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళ నోట ఆ మాట వింటేనే అతడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇక తనే ఆడవాళ్ళతో అనడం కూడానా!

ప్రత్తిపాడులో గుడ్లమ్మే ఖైరున్నీసా, "ఎలాంటివి కావాలి నాయనా?" అంది.

హయాత్ చేతిలోని సంచీ మడతలు సవరించాడు. "కాలేజీకి పెద్దమ్మా... అదే... కాస్త మర్యాదైన గుడ్లు."

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసి, పెరట్లో కంచె వెనక నుంచి ఏరి ఏరి తెచ్చి ఇచ్చింది. "ఇక వారం వారం ఇవే కావాలి," అన్నాడు హయాత్, గండం గడిచిన సంబరంలో.

అయిదో రోజున గుడ్లను దీపం ముందు పెడితే ఒక్కదానిలోనూ రక్తనాళపు గీత లేదు. పొదిగే పెట్టెలో వేడి చాలలేదనుకున్నారు డాక్టరమ్మ గారు. వేడి పెంచినా లాభం లేకపోయింది. వైరస్ ఇంకా ఎక్కించనే లేదు గనుక, అది సీసాలోంచి తప్పించుకుని పిండాలను చంపేసిందని తేల్చారు. గది గదంతా ఫినాయిల్‌తో కడిగించారు, తామూ కడిగారు. ఆ వాసన మిర్చి కొట్ల దాకా పోయి, "కాలేజీలో పురుగు తప్పించుకుందట" అయింది. ప్రత్తిపాడు చేరేసరికి "ఖైరున్నీసా గుడ్లలో రోగముందట" అయింది.

లోపం వైరస్‌ది కాదు, తనడిగిన గుడ్లదేమోనని హయాత్‌కు అనుమానం వచ్చింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేక, సిగ్గుతో చచ్చిపోతూ గోడలు తోమాడు.

మద్రాసు ఆయన వచ్చిన రోజునే ఖైరున్నీసా కూడా వచ్చింది.

"నా గుడ్లకు రోగమన్నదెవరు?" గుమ్మంలోనే అరిచింది. "పుంజు నీడైనా పడనివి! ఈ అబ్బాయే మర్యాదైనవి కావాలన్నాడు!"

డాక్టరమ్మ గారు హయాత్ వైపు తిరిగారు. "పుంజు తొక్కినవి కావాలని ఈవిడతో చెప్పలేదూ నువ్వు?"

"ఆడవాళ్ళతో... ఎలాగండీ," అన్నాడు హయాత్ ఫినాయిల్ బకెట్టులోకి చూస్తూ.

"ఏడుగుర్ని కన్నదాన్ని, నా దగ్గర సిగ్గేంట్రా?" అంది ఖైరున్నీసా.

మద్రాసు ఆయన కళ్ళజోడు తుడుచుకుని నెల గడువిచ్చారు. డాక్టరమ్మ గారు తిట్టలేదు. ఫినాయిల్‌కు పగిలిన తమ చేతులు చూసుకున్నారు, అంతే. తిట్టినా బాగుండేదని హయాత్‌కు ఏడుపొచ్చింది. కళ్ళు మూసుకుని గది అదిరేలా అనేశాడు. "పెద్దమ్మా, రేపు రెండు డజన్లు పుంజు తొక్కిన గుడ్లు కావాలి!"

"ఇప్పుడా చెప్పడం? వారం వారం మర్యాదైనవే కావాలన్నావని ఉన్న రెండు పుంజుల్నీ అప్పుడే అమ్మేశాను!"

మర్నాడు ప్రత్తిపాడులో హయాత్ తలుపు తట్టి ఆ మాట అనని ఇల్లు లేదు.