దిగులు ముఖం పోచయ్య

ఆ రోజు శైలేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక్క మనిషి తలకు టోపీ తొడిగి, తెర మీద ముఖాలు చూపించి, మెదడు సంకేతాలు నమోదు చేసి, సాయంత్రం మెషీన్‌ను హైదరాబాద్ పంపేయాలి. ఆ ఒక్క రికార్డు సరిగ్గా వస్తే పీహెచ్‌డీ గట్టెక్కుతుంది. రాకపోతే ఇన్నేళ్ళ చదువు మట్టిపాలే.

సిద్దిపేట కాలేజీ అటెండర్ కర్ణాకర్ తన పక్కింటి పెంటవ్వను తీసుకొచ్చాడు. ఆమె తలకు నూనె లేకుండా రావడమే పెద్ద విజయం. అంతకుముందు వచ్చినవాళ్ళంతా పెళ్ళికి వచ్చినట్టు నూనె పట్టించి, నున్నగా దువ్వుకొచ్చి, టోపీ పట్టు నిలవకుండా చేసి అతని ప్రాణం తీశారు.

"తెర మీద మొఖాలొస్తయి పెంటక్కా. కదలకుండ చూస్తే చాలు."

"గంతేనా సారూ? టీవీ చూసినట్టే గదా!"

నవ్వు ముఖం వచ్చింది. కోపం ముఖం వచ్చింది. తర్వాత దిగులు ముఖం. విదేశీ ముఖాలు చూస్తే ఇక్కడివాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండడం లేదని, శైలేందర్ దుబ్బాక వెళ్ళి నేతపనివాళ్ళను ఫొటోలు తీసి, రంగులన్నీ తీసేశాడు. అలాంటి నలుపు తెలుపు ముఖాన్ని పెంటవ్వ చూసింది చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీదే. పైగా ఆ ముఖం ఆమె సొంత అన్న పోచయ్యది.

"ఓ నా అన్నా! నాకు చెప్పకుండనే పోతివా!"

టోపీతో సహా బయటికి ఉరికింది. "అక్కా, గది ఉత్త ఫొటో! మీ అన్న మంచిగనే ఉన్నడు!" అంటూ శైలేందర్ వెంటపడ్డాడు. ఆమె పోచయ్యకు ఫోన్ చేసింది. మగ్గం చప్పుడులో అతను ఎత్తలేదు. దాంతో చావు ఖాయమైపోయింది.

కర్ణాకర్ ఓదార్చబోయాడు. "మొన్ననే మా సారు ఆయనను ఫొటో తీసిండక్కా. గిట్లయితదని ఎవలనుకున్నరు!"

ఆ మాట దుబ్బాక చేరేసరికి ఫొటో కాస్తా కరెంటయింది. కాలేజీ సారు పోచయ్య నెత్తికి మెషీన్ పెట్టి మీట నొక్కాడట. పోచయ్య మగ్గం వైపు తొంగి చూడకుండానే, ఆటోల నిండా చుట్టాలు పూలదండలతో కాలేజీ ముందు దిగారు. ఒకాయన శైలేందర్ కాలర్ పట్టుకున్నాడు.

"శవం ఏడ వెట్టినవ్ చెప్పు!"

శైలేందర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. పీహెచ్‌డీ పోతే పోయింది, ఇల్లు చేరితే చాలనుకున్నాడు.

అంతలో, చెల్లెలు కాలేజీలో ఏడుస్తోందని ఎవరో చెబితే, పోచయ్యే వచ్చి బండి దిగాడు. "ఏందే పెంటా, ఎవలు పోయిన్రు?"

పెంటవ్వ అన్నను పట్టుకొని బావురుమంది. ఆ వెంటనే దులిపేసింది. "ఫోన్ ఎందుకెత్తవు? సచ్చినవనుకున్న గదరా!" తెచ్చిన దండలు పారేయడమెందుకని చుట్టాలు పోచయ్య మెడలోనే వేశారు.

అప్పుడు చూశాడు శైలేందర్. తీగలు లేని ఆ టోపీ ఇంకా ఆమె తల మీదే ఉంది. నమోదు ఆగనే లేదు. అసలు సిసలు దుఃఖం, అసలు సిసలు సంతోషం, ఒకే మెదడులో! ఇలాంటి రికార్డు ఇంకెవరి దగ్గరుంటుంది? వెంటనే దాన్ని గైడ్ సుధాకర్‌కు పంపాడు.

సాయంత్రం గైడ్ ఫోన్ చేశాడు. "ఏడుసుడు, ఉరుకుడు, ఒర్రుడు... గదంత కండరాల గోల శైలేందర్. మెదడు సంకేతం కాదు. గోలంత తీసేసి లెక్కగట్టిన. మెషీన్ పంపెయ్, ఇగ మొదటికెల్లి మొదలువెట్టు."

"గోల తీసేస్తే ఏం తేలింది సార్?"

పోచయ్య ముఖం చూసి పెంటవ్వకు ఏమీ అనిపించలేదని తేలింది.