పాతది ఇచ్చేయండి

ఆ శనివారం పొద్దున నిమిషం గారు వేసుకున్న ప్లాను చాలా సులువైనది. పదింటికి లేత్ షాపు మనిషి వచ్చి ఇంజను బ్లాకు పట్టుకెళ్తాడు. లోపల నున్నగా చెక్కి సాయంత్రానికి తెచ్చిస్తాడు. ఆదివారం మధ్యాహ్నానికి బండి లేచి నిలబడుతుంది. ఐదింటికి భార్య బస్సు దిగేసరికి, ఆ బండి మీద కూర్చుని ఒక కాలు నేలకానించి, ఏమీ ఎరగనట్టు ఆకాశంకేసి చూస్తూ తాను ఎదురుచూస్తుంటారు.

ఆయన అసలు పేరు షాపు బోర్డు మీద ఉండేది గానీ, ఎండకు ఎప్పుడో వెలిసిపోయింది. గడియారాలు బాగుచేయడం వృత్తి, ఎవరేమడిగినా "ఒక్క నిమిషం" అనడం అలవాటు. అందుకని వీధి వీధంతా నిమిషం గారనే పిలిచేది. జనం ఫోన్లలో టైము చూసుకోవడం మొదలుపెట్టాక ఆయనకు నిమిషాలు మిగిలాయి, గిరాకీ మిగల్లేదు. ఏడాదిగా షాపులో కూర్చుని తన గడియారమే తాను విప్పుకుని, తానే బిగించుకుంటున్నారు.

చేతులు అలా ఊరికే ఉండలేక కొట్టుకుంటున్న రోజుల్లో, ఒకరి పెరట్లో కోళ్ల గూటికి ఆసరాగా నిలబెట్టిన మోటారు సైకిలు కంటబడింది. నలభై ఏళ్ల నాటిది. వాళ్లు చవగ్గా ఇచ్చేశారు, పైగా కోడిని దింపి మరీ ఇచ్చారు.

"మోటారు సైకిలంటే ఏముంది? పెద్ద గడియారం. అంతే," అన్నారు నిమిషం గారు ఇంటికి తోసుకొచ్చి.

"తిరక్కపోతే గోడకు తగిలిస్తారా?" అంది భార్య.

ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆవిడ ఒకసారి చెబితే జ్వరం కూడా దిగుతుందని పేరు. రెండు నెలలు ఓపిక పట్టింది. ఈలోగా నిమిషం గారు ముందు గదిలో బండిని చివరి నట్టు దాకా విప్పారు. ప్రతి ముక్కనీ కిరోసిన్‌తో కడిగి, దారంతో చీటీ కట్టి, చీమ తలంత అక్షరాలతో పేరు రాసి, వరసగా పరిచారు. నాలుగుసార్లు బిగించి, నాలుగుసార్లూ మోకాలు వాచేదాకా కిక్కు కొట్టారు. బండి దగ్గిందే తప్ప పలకలేదు. బ్లాకు లోపల అరిగిపోయిందని తేల్చుకుని మళ్లీ విప్పారు. రెండు రోజుల ట్రైనింగుకి బయల్దేరుతూ ఆవిడ గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పింది.

"నేనొచ్చేసరికి ఈ గదిలో నడవడానికి చోటుండాలి. బండి దానంతటది బయటికెళ్తుందో, దాన్ని మీరు పంపిస్తారో, నాకనవసరం."

తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. లేత్ షాపు మనిషి ముందే వచ్చేశాడనుకుని తీస్తే ఎదురుగా అత్తగారు, చేతిలో సంచీ.

"అమ్మాయి ఊళ్లో లేదటగా. నీకెవరు వండి పెడతారని వచ్చాను బాబూ," అంటూ లోపలికొచ్చి, గదిలో పరిచిన ఇనుమంతా చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "ఇల్లు కూలిందా ఏమిటి?"

"లేదత్తయ్యా. బండి."

అప్పుడే వంటింట్లో కుక్కరు కూసింది.

"పొయ్యి మీద ఏముంది?"

"కార్బొరేటరండీ. మురికి వదలడానికి ఉడకేశాను."

అత్తగారు వెళ్లి ఆవిరి పోయేదాకా ఆగి మూత తీసి చూశారు. గరిటెతో ఒకసారి తిప్పి, "ఇంకా ఉడకలేదు," అని మూత పెట్టేశారు.

నిమిషం గారికి టైము దగ్గర పడుతోంది. ఇంజనుకు వేసే ప్యాకింగు కొనాలి, ఆ షాపు మధ్యాహ్నం దాకానే ఉంటుంది. చెప్పులేసుకుంటూ, "అత్తయ్యా, పదింటికి ఒకాయన వస్తాడు. ఆ పాతది ఇచ్చేయండి. డబ్బుల సంగతి నేను చూసుకుంటాను," అని గుమ్మం పక్కనున్న బ్లాకు వైపు గడ్డంతో చూపించి వెళ్లిపోయారు. ఆయన గడ్డం తిరిగిన సమయానికి అత్తగారు మళ్లీ కుక్కరులోకి తొంగి చూస్తున్నారు.

గంట తర్వాత తిరిగొచ్చేసరికి ఇంటి ముందు పాతికమంది ఉన్నారు. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన చేతిలో బట్టలుతికే కర్ర. అత్తగారు స్నానాల గది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. లోపల్నుంచి దబదబా బాదుతున్న చప్పుడు.

"దొంగని పట్టుకున్నాను బాబూ!" అన్నారు అత్తగారు.

"నిమిషం గారూ! నేనండీ! లేత్ షాపు!" అని లోపల్నుంచి కేక.

"అదుగో, మళ్లీ అదే పాట. ఆయన వచ్చి తీసుకెళ్లి పావుగంటైంది. మళ్లీ వీడొచ్చి అదే కావాలంటాడు. ఒక్క వస్తువుని ఇద్దరు మనుషులు ఎలా పట్టుకెళ్తారు? దొంగ వెధవకి ఆ మాత్రం ఆలోచన లేకపోయింది. చేతులు కడుక్కునిరా నాయనా, మంచినీళ్లిస్తానని చెప్పి గడియ పెట్టేశాను."

నిమిషం గారి గుండె ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది. "ముందొచ్చిందెవరండీ?"

"పాత సామాన్లు కొంటాం అని అరుచుకుంటూ వచ్చాడు. నువ్వు చెప్పినవాడే కదా అని పిలిచాను. పాతది ఏదమ్మా అని అడిగాడు. కొత్తది ఏమైనా ఉందేమోనని గదంతా వెతికాను బాబూ, ఒక్కటీ కనిపించలేదు. కుక్కర్లో ఉడికినదానితో సహా అన్నీ ఇచ్చేశాను. పాపం, డబ్బులివ్వబోయాడు. ఆ సంగతి మా అల్లుడు చూసుకుంటాడులే అని ఒక్క పైసా పుచ్చుకోలేదు."

నిమిషం గారు ముందు గదిలోకి చూశారు. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి మరీ ఉంది. రెండు నెలల తర్వాత ఆ గదికి నేల ఉందని తెలిసింది. ఆయన ఆ నేల మీదే కూలబడ్డారు. స్నానాల గది నుంచి బయటపడ్డ లేత్ షాపు మనిషి, "ఇంక మీ బండికీ నాకూ రాం రాం," అని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక అత్తగారు మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డారు. సంగతి అర్థమైనట్టుంది, మొహం చిన్నబోయింది.

"తప్పు చేశానా బాబూ?"

ఆవిడ చేతుల్లో ఇంకా తడిగుడ్డ ఉంది. ఈ వయసులో వంగి గదంతా తుడిచిన మనిషిని ఏమంటారు? "తప్పేం లేదండీ. కాస్త ఎక్కువ ఇచ్చారు, అంతే," అన్నారు నిమిషం గారు.

ఆ మనిషిని దగ్గర్నుంచి చూసింది తానొక్కతే కాబట్టి వెతకడానికి తానూ వస్తానని అత్తగారు పట్టుబట్టారు. గుర్తులు కూడా చెప్పారు. మీసం, ఎర్ర చొక్కా. ఆ రోజు ఊళ్లో మీసాలున్నవాళ్లంతా ఎర్ర చొక్కాలే వేసుకున్నారా అనిపించింది. ఒక పోస్టుమాన్‌నీ, ఒక మంగలినీ ఆపి అడిగారు. మూడోసారి ఆపిన మనిషికి మీసం ఉంది గానీ చొక్కా పచ్చది. "మార్చుకుని ఉంటాడు," అన్నారు అత్తగారు. ఆయన ఊరి ప్లీడరు.

సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, మనం ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

"లేదే! ఎవరన్నారు?"

"ఇంటాయన. అడ్వాన్సు ఎప్పుడు తీసుకుంటారని అడిగాడు. సామానంతా బండికెత్తించి మా అమ్మ దగ్గరుండి పంపించిందట. మీరు నేల మీద కూర్చుని ఏడుస్తున్నారట. మనిద్దరికీ ఏమైందని నన్ను ఓదారుస్తున్నాడు!"

"ఏం లేదు. ముందు గది సర్దాం."

అవతల ఆవిడ గొంతు మెత్తబడింది. వార్డులో రోగులతో మాట్లాడే గొంతు అది. "మీరా? సర్దారా? ఒంట్లో బాగానే ఉందా అండీ? ఎడమ చెయ్యి ఏమైనా లాగుతోందా?"

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ మళ్లీ బయల్దేరారు. వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడ, పాత సామాన్ల వాళ్లంతా ఊరవతల రైలు గేటు దగ్గర ఉంటారని చెప్పింది. ఆటోలో వెళ్తున్నంతసేపూ నిమిషం గారికి తన బండి తూకానికి పోయి, కరిగి, ఏ కిటికీ ఊచలుగానో మారిపోయినట్టే కనిపించింది. అది పోయినందుకు కాదు ఆయన దిగులు. ఈ చేతులు చేసిన ఆఖరి పని కూడా పూర్తి కాలేదని.

రేకుల షెడ్డు ముందు అత్తగారు ఆటో ఆపించారు. "వీడే!"

ఎర్ర చొక్కా మనిషి లేచి దండం పెట్టాడు. అతని వెనక, పాత ఫ్రిజ్జులకీ ఫ్యాన్లకీ మధ్య, రెండు చక్రాల మీద నిటారుగా మోటారు సైకిలు నిలబడి ఉంది.

నిమిషం గారు వెళ్లి దాని ట్యాంకు మీద చెయ్యి వేశారు.

"మీదేనా సార్?" అన్నాడు అతను. "ముక్కలుగా అమ్ముదామనే తెచ్చాను. మూట విప్పితే ఒక్క నట్టు కూడా తక్కువ లేదు. ప్రతిదానికీ చీటీ. ఇలా కడిగి, పేరు రాసి పెట్టినోడు పిచ్చోడైనా అయ్యుండాలి, పనోడైనా అయ్యుండాలి అనుకున్నాను. తూకం వేయడానికి చెయ్యి రాలేదు. నేను పాతికేళ్లు మెకానిక్కుగా చేసినోణ్ణి సార్. నిన్న మధ్యాహ్నం కూర్చున్నాను, ఇందాకే లేచాను."

"బ్లాకు అరిగిపోయింది కదా?"

"ఎవడన్నాడు? బ్లాకు బంగారంలా ఉంది. పిస్టను రింగులు మీరు తలకిందులుగా వేశారు, అలాగే ఉన్నాయి."

నాలుగుసార్లు, రెండు నెలలు, ఒక మోకాలు. నిమిషం గారు తల దించుకున్నారు. అతను ఒక్క కిక్కు కొట్టాడు. బండి నలభై ఏళ్ల నిద్ర లేచినట్టు గొంతు సవరించుకుని, డుగడుగమని పలికింది. అత్తగారు చెవులు మూసుకుని నవ్వారు.

"నీ కష్టానికి ఎంతిమ్మంటావ్?" అని అడిగారు నిమిషం గారు.

"అమ్మ దగ్గర ఊరికే తెచ్చుకున్న సొమ్ముకి కష్టమేంటి సార్? తీసుకెళ్లండి. కానీ ఒక్కటి మాత్రం నావల్ల కాలేదు." అతను హ్యాండిలు మధ్యనున్న స్పీడు మీటరు చూపించాడు. "లోపలన్నీ ఆవగింజంత చక్రాలు. నా వేళ్లకి కనబడవు కూడా. ఊళ్లో ఇవి చేసేవాడే లేడు."

నిమిషం గారు జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నారు. రెండో జేబులోంచి పట్టకారు తీశారు. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఆ మీటరు విప్పారు. ముప్పావుగంట పట్టింది. అత్తగారు ఎండ పడకుండా సంచీ అడ్డం పట్టుకున్నారు. బిగించి, చక్రం చేత్తో తిప్పితే ముల్లు వణికి, పైకి లేచింది.

ఎర్ర చొక్కా మనిషి లోపలికి పరిగెత్తి ఒక రేకు డబ్బా మోసుకొచ్చాడు. నిండా చచ్చిపోయిన మీటర్లు. "ఇవి కూడా చూస్తారా సార్? ఇలాంటి బండ్లవాళ్లు నెలకి పదిమంది వస్తారు. మీటరు లేదని ఉసూరుమంటూ వెళ్లిపోతారు."

"ఒక్క నిమిషం," అన్నారు నిమిషం గారు. ఆ మాట ఆయన ఒక గిరాకీతో అని ఎన్నాళ్లో అయింది. అందుకే కళ్లు తుడుచుకోవడానికి భూతద్దం తీయవలసి వచ్చింది.

అత్తగారిని ఆటోలో ఇంటికి పంపి, ఐదింటికి ఆయన బస్టాండులో ఉన్నారు. భార్య బస్సు దిగి ముందు ఆయన నాడి చూసింది, తర్వాత బండిని చూసింది. వెనక కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. బండి కదిలింది. ఎదురుగాలికి జుట్టు రేగుతుంటే నిమిషం గారికి పాతికేళ్లు తగ్గాయి.

"చూశావా, ఎలా దూసుకుపోతోందో! గట్టిగా పట్టుకో!" అని అరిచారు.

ఆవిడ ఆయన భుజం మీదుగా తొంగి మీటరు చూసింది. "పద్దెనిమిదండీ," అంది.

ఇంత కచ్చితంగా బాగుచేయకుండా ఉండాల్సిందని నిమిషం గారికి వృత్తిలో మొదటిసారి అనిపించింది.