ఇస్త్రీ మాస్టారి మరాళ విజయము

బాలభానుడు మేడల అద్దాల మీదుగా మెల్లగా దిగివచ్చి, వీధి మొగలోని మురుగుకాల్వను సైతము బంగరు పట్టీగా మెరయించి, తీగలపై ఆరవేసిన దుప్పట్ల అంచులను తడిమి, సగము లేపిన షట్టరు కిందుగా వంగి లోపలికి దూరి, ఆవిరిమేఘముల నడుమ ఇస్త్రీపెట్టెను గదవలె కేల ధరించి నిలిచిన ఒకానొక మహాపురుషుని బట్టతలపై తన తొలికిరణమును కానుకగా నుంచిన ఆ శుభవేళ ఏమి జరిగెనో, చొక్కాలు తొడిగిన వారెల్లరును చెవియొగ్గి వినుడు!

ఆ మహాపురుషుడు ముడుతల పాలిటి మృత్యువు, మడతల పాలిటి మహర్షి, మాసిన కాలర్లకు మహోపద్రవము. కన్నవారు పెట్టిన పేరేదైనను వీధి వీధంతయు ఆయనను ఇస్త్రీ మాస్టారనియే పిలుచును. రెండు షట్టర్ల లాండ్రీ ఆయన సామ్రాజ్యము. చొక్కా మాడ్చితిరని మండిపడుచు వచ్చిన వానిని సైతము నవ్వించి, మరి రెండు ప్యాంట్లు ఇచ్చిపోవునట్లు చేయగల ఇల్లాలు ఆయన మహామంత్రి.

ఆ సామ్రాజ్యమునకు ధ్వజము షట్టరు పైనున్న బోర్డు: నీలిరేకుపై తెల్లని రాజహంస. దుకాణము తెరచిన తొలినాళ్ళలో, ఇదిగో వస్తున్నానన్న పెయింటరు ఎంతకూ రాకపోగా, మాస్టారే స్వయముగా కుంచె పట్టి, నాలుక కొసను పంటికింద బిగించి, తిండీ తిప్పలూ మాని ఆ పక్షిరాజమును సృష్టించెను. ఇల్లాలు వచ్చి, తల ఒకవైపు వంచి చూచి, రెండవవైపు వంచి చూచి, కొంగుతో నోరు తుడుచుకొని, "బాగుందండీ" అనెను. ఆ ఒక్కమాటను ఆయన బంగారముకన్న భద్రముగా గుండెలో దాచుకొనెను. నాటినుండి ఆ హంస చీటీలపై వాలెను, సంచులపై వాలెను, ఫోనులో దుకాణము జాడ వెదకినవారికిని అదియే కనబడెను.

ఇట్లుండ ఆ ఉదయమున కాలపురుషుడు కొరియరు వేషమున వచ్చి, "ఇక్కడో సంతకం పెట్టండి సార్" అని ఒక లకోటా చేత బెట్టి పోయెను.

పంపినది సామాన్యులా? సబ్బుపొడి మొదలు వాషింగ్ మెషీన్ల వరకు సమస్తమును అమ్ముచు, ఫోనులో నొక్కినంతనే గుమ్మములోనికి వ్యాను పంపి మాసిన బట్టలు మోసికొనిపోవు మహాసంస్థ! దాని ప్యాకెట్లపైనను, వ్యాన్లపైనను నిగనిగలాడుచు ఒక హంస. "మీ హంస మా హంసను పోలియున్నది. వెంటనే దింపుడు. లేనిచో న్యాయపరమైన చర్యలు తప్పవు" అని నోటీసు ఘోషించెను.

ఇల్లాలి తమ్ముడు వకీలు. నల్లకోటుకు కొత్తవాసన ఇంకను వదలలేదు. నోటీసు చదివి ముఖము వేలవేసికొని, "బావా, వాళ్ళతో మనకెందుకు చెప్పండి? బోర్డు పీకేసి ఓ చొక్కా బొమ్మ పెట్టుకుందాం" అనెను.

అంతట మాస్టారు, కనుబొమ్మలు ముడివడ, మీసములు నిక్కబొడుచుకొన, ఇస్త్రీబల్ల అదరునట్లు గర్జించెను. "ఓరీ బామ్మర్దీ! సూర్యుడు పడమట పొడిచిన పొడుచుగాక! ప్యాంటు కాలికి జంటగీతలు పడిన పడుగాక! ఈ కంఠమున ప్రాణముండగా నా హంస షట్టరు దిగదు!"

"ఏవండీ, మాడుతోంది" అనెను ఇల్లాలు.

నిజమే. ఆ భీషణప్రతిజ్ఞకు సాక్షిగా ఎవరిదో తెల్లచొక్కా వీపున గోధుమరంగు త్రికోణము వెలసెను. ఆమె ఆ చొక్కాను లాగి పక్కన పెట్టి తమ్మునివైపు తిరిగెను. "పీకేయడం ఎంతసేపురా? వాళ్ళ వ్యాను రోజూ మన వీధిలోకే వస్తోంది. సగం ఇళ్ళ బట్టలు అటే పోతున్నాయి. ఇక ఆ బోర్డు కూడా ఇచ్చేస్తే మనకి మిగిలేదేముంది? నువ్వు లాయరువేగా, కొట్లాడు."

బోర్డు దిగకపోగా మహాసంస్థ ఫిర్యాదు చేసెను, విచారణదినము వచ్చెను. రణరంగము ఒక ప్రభుత్వ కార్యాలయపు గది. పైన ఫ్యాను తిరుగుచున్నట్లు శబ్దము మాత్రము చేయుచుండెను. శత్రుసేన చక్రాల సూట్‌కేసులను రథములవలె దొర్లించుకొనుచు, ల్యాప్‌టాపులను డాళ్ళవలె పట్టుకొని ప్రవేశించి ముందు రెండు వరుసలను ఆక్రమించెను. దానికి సేనాని ఒక పెద్ద లాయరు. వెండివెంట్రుకలవాడు, వెన్నవంటి గొంతువాడు. ఇవతల మాస్టారు, ఇల్లాలు, బామ్మర్ది, ఒక మంచినీళ్ళ సీసా, ఇస్త్రీ చేసిన దుప్పటిలో చుట్టిన బోర్డు.

"హంస మా సంస్థకు ప్రాణము!" అని పెద్ద లాయరు చేయెత్తి పలికెను. "ఆ ధవళిమ మాది, ఆ స్వచ్ఛత మాది. దానిని ఈ చిరువ్యాపారి అపహరించి జనులను భ్రమింపజేయుచున్నాడు!"

విచారణాధికారి కళ్ళజోడు సవరించుకొని, "ఏదీ, ఆ బోర్డు చూపించండి" అనెను. బామ్మర్ది దుప్పటి తొలగించెను. అధికారి ముందుకు వంగెను. వెనుకకు వాలెను. కళ్ళజోడు తీసి తుడిచి మరల పెట్టుకొనెను.

"ఇందులో హంస ఎక్కడుందండీ?"

"అదే సార్, మధ్యలో" అనెను పెద్ద లాయరు.

"ఇదా? టీ కెటిల్ అనుకున్నానే!" అని అధికారి, ఫైళ్ళు మోసుకొచ్చిన బంట్రోతును ఆపెను. "ఏమయ్యా, ఇదేంటో చెప్పు?"

బంట్రోతు నిదానించి చూచి, "రెండంకె సార్" అనెను. "టోపీ పెట్టుకుంది."

మాస్టారి గుండెలో ఏదో పుటుక్కుమనెను. బామ్మర్ది కన్నులు మాత్రము దీపావళి మతాబులవలె... కాదు, కొత్త ట్యూబులైట్లవలె వెలిగెను. "బావా, గెలిచేశాం! ఇది హంసలా లేదని తేలితే చాలు, ఇక కేసే లేదు!"

"లేదని ఎవడన్నాడ్రా?" అనెను మాస్టారు, పళ్ళు బిగబట్టి.

అప్పుడు కదా విధి తన వింతనాటకమును ఆడెను! హంస హంసగా నిలువకున్న మహాసంస్థ వాదము కూలును. కావున పెద్ద లాయరు ఆ బొమ్మను తలకెత్తుకొనక తప్పలేదు. "అయ్యా, తొందరపడవలదు! ఈ కంఠపు వంపును కాంచుడు, ఎంతటి లాలిత్యము! ఈ రెక్కను కాంచుడు. ఇప్పుడిప్పుడే నీటినుండి లేచినట్లున్నది! చూపులో ఎంతటి ప్రశాంతి! ఇది గీతలు తెలిసిన చేయి, అయ్యా. ఇది కళాకారుని చేయి!"

మాస్టారి నేత్రములు చెమర్చెను. లోకములో ఎవ్వరును ఆ రెక్క ఊసెత్తలేదు! "ఎంత బాగా చెప్పాడే" అని ఇల్లాలి చెవిలో గొణిగెను.

"ఆయన మనవైపు కాదండీ."

"అయినా సరే, తెలిసినవాడు."

అవతల పగవాడు పూలవాన కురియుచుండ, ఇవతల అయినవాడు బాణములు వేయసాగెను. "సార్, మా బావకి బొమ్మలెయ్యడం బొత్తిగా రాదు సార్! ఇది హంస కాదు, బాతు కాదు, అసలు పక్షే కాదు!" ప్రతి మాటయు మాస్టారి రొమ్మున దిగబడెను.

అధికారి ఇల్లాలివైపు తిరిగెను. "మీరు చెప్పండమ్మా. మొదటిసారి చూసినప్పుడు ఏమనుకున్నారు?"

ఆమె భర్తను చూచెను. ఆయన ఆమెను చూచెను, పసిపిల్లవాడు పరీక్షఫలము కోసము చూచినట్లు. ఆమె కొంగుకొనను వేలికి చుట్టుకొని, విప్పి, మరల చుట్టుకొనెను.

"కొళాయి అనుకున్నానండీ" అనెను చిన్నగొంతుతో. "లాండ్రీ కదా, నీళ్ళొచ్చే కొళాయి వేశారేమోనని. పాపం, పొద్దుట్నించీ ఏమీ తినకుండా వేశారు. అందుకే బాగుందన్నాను."



మాస్టారి అంతరంగమున అప్పుడు జరిగిన సమరమును వర్ణింప ఎవరి తరము? ఒకవైపు కీర్తి: అపార ధనవంతుల వకీలే కళాకారుడని చాటినాడు, ఔనన్నచో ఆ బిరుదు దక్కును, బోర్డు పోవును. మరొకవైపు దుకాణము, ఆవిరి, ఇన్నేళ్ళును ఒక చిన్న అబద్ధమును ఎవరికిని పొక్కనీయక మోసిన ఈ ఇల్లాలు. ఆయన లేచెను. కుర్చీ కిర్రుమనెను.

"హంస గీద్దామనే మొదలుపెట్టానండీ" అనెను ఆ మహావీరుడు. గొంతు సవరించుకొనెను. "రాలేదు."

అంతే. సింహనాదము లేదు, ఉపమానము లేదు. ఆ చిన్నమాటకు చక్రాల సూట్‌కేసుల సేన యావత్తును చెల్లాచెదరయ్యెను. పెద్ద లాయరు కాగితములు సర్దుకొనసాగెను.

అధికారి తీర్పును చెప్పి రాయించెను. "ఈ బొమ్మకీ మహాసంస్థ హంసకీ పోలిక లేదు. నాకు తెలిసినంతలో దేనితోనూ పోలిక లేదు. బోర్డు ఉండొచ్చు. అయితే ఒక షరతు. దీన్ని బాగుచేసి గీయకూడదు. రంగు పోతే ఈయనే వెయ్యాలి. చెయ్యి తిరిగిన పెయింటరు ముట్టుకుంటే హంసైపోయే ప్రమాదం ఉంది."

 ఇంటిదారిలో మాస్టారు బోర్డును చంకన పెట్టుకొని ముందు నడిచెను. వీధి మొగలో మహాసంస్థ వ్యాను ఎదురయ్యెను. దానిపై నున్నని హంసను ఒకసారి చూచి, "మరీ నున్నగా ఉందే" అని ముక్కు విరిచెను. వెనుక ఇల్లాలు నవ్వాపుకొనలేక నీళ్ళ సీసా నోట బెట్టుకొనెను.

షట్టరు ముందు స్టూలు వేసి బోర్డు బిగించుచుండగా ఆమె కింద నిలిచి స్టూలు పట్టుకొనెను. "కోపమా?"

"కొళాయా?" అనెను ఆయన, మేకు నోటనుంచుకొనియే.

"మంచి కొళాయేనండీ. ధార కూడా కనిపించింది." ఆమె మెడ సాచి చూచెను. "ఆ పక్కన కాస్త రంగు లేచింది. వెయ్యండి, మీరే వెయ్యాలిగా. బాగా మాత్రం వెయ్యకండి."

మాస్టారు నవ్వెను. కుంచె తెప్పించెను. నాలుక కొసను పంటికింద బిగించెను.

దిక్కులారా వినుడు! వీధులారా వినుడు! ఖండఖండాంతర వ్యాపారసార్వభౌముల నెదిరించి, బొమ్మ గీయుట రానివాడని రాజముద్ర వేయించుకొని, దానిని శాశ్వతముగా చెడగొట్టు సర్వహక్కులను సంపాదించిన ఇస్త్రీ మాస్టారు, ఆ సాయంకాలము, రెక్కయో ధారయో తేలని ఆ తావున, అరచేతి మందమున తెల్లరంగు పులిమి జయించెను!