దానమ్మ పోసిన పాయ

తెల్లవారగానే ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కి నంద్యాల పోయి, కూతురు ప్రసన్నకుమారికి పుట్టిన బిడ్డను చూసి రావాలని దానమ్మ అన్నీ సర్దిపెట్టుకుంది. తీరా లేపబోతే, ఆమె భర్త బడిపంతులు అబ్రహాము మంచం మీద నుంచే కేక పెట్టాడు. కుడికాలి బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, నిప్పులా కాలుతోంది.

"దుప్పటి తీయ్ మే! అది తగిలినా పానం పోతాంది."

ముందురోజు కారం దంచుతూ దానమ్మ చేతిలోంచి జారిన రోకలి ఆయన కాలి పక్కనే పడింది మరి.

"నా చేతులిరగ! నేనే ఇరగ్గొట్టినా నీ ఎముక."

"అది నాకు తగల్లేదు మే."

తనను ఊరడించడానికే అలా అంటున్నాడని ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. ఎముక అతకాలంటే మేక కాళ్ల పాయ తాగించాలని పక్కింటి శాంతమ్మ చెప్పింది. పొద్దున పాయ, మధ్యాహ్నం కార్జం వేపుడు, రాత్రి మళ్లీ పాయ. వేలు తగ్గలేదు సరికదా, పాదమంతా పొంగింది. కట్లు కట్టే ఓబులేసు వచ్చి వెదురుబద్దలు పెట్టి బిగించేసరికి, అబ్రహాము పెట్టిన కేకకు వీధంతా పరుగెత్తుకొచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే పోలేదు. జాలిపడి తలా ఒక గిన్నె పాయ పంపారు.

చివరికి నంద్యాల బస్సే ఎక్కారు, కానీ ఆస్పత్రికి. డాక్టరు కట్టు విప్పి చూశాడు.

"రాత్రికి రాత్రే వాచిందా? ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా?"

"పోయిన క్రిస్మసు విందు మర్నాడు వచ్చి, దానంతటదే పోయిందయ్యా," అన్నాడు అబ్రహాము.

"ఎముక విరగలేదు. దీన్ని గౌట్ అంటారు. రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువై కీలులో సన్నని పలుకుల్లా పేరుకుంటుంది. ఈమధ్య కార్జం, పాయలాంటివి తిన్నారా?"

దానమ్మ తల దించుకుంది. "నేనే పోసినానయ్యా, పూటపూటకూ. బాగుపడతాడని."

"రెండో గిన్నె అడిగింది నేను గదా మే," అంటూ అబ్రహాము అందరి ముందే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టరు మాత్రలిచ్చి, మాంసం మాని నీళ్లు బాగా తాగమన్నాడు. అక్కణ్ణుంచి కూతురింటికి పోయి మనవరాలిని ఒళ్లో పెట్టుకున్నాక అబ్రహాము సగం నొప్పి మరిచిపోయాడు. తిరుగు బస్సులో దానమ్మ చెంబు వదల్లేదు.

"తాగయ్యా, ఇంగో గుక్క."

ఆమె ముఖం చూసి కాదనలేక తాగాడు. శిరివెళ్ల రాకముందే ఒంటికి పోవాలని బస్సు ఆపమన్నాడు. కండక్టరు భుజం పట్టి దింపాడు, ఎక్కించాడు. కాసేపటికి మళ్లీ దింపాడు.

చీకటిపడ్డాక ఆళ్లగడ్డ చేరిన ఆ బస్సుకు దారిలో ఇంజను చెడిపోయిందనే ఊళ్లో అందరూ అనుకున్నారు.