గుమ్మంలో జగ్గమ్మ

పదకొండింటికి ట్రైబ్యునల్‌లో వాదన. పదింటికల్లా రేవుపేట మెటియాబ్రుజ్ దాటి బస్సెక్కాలని రేవు కార్మికుల యూనియన్ కార్యదర్శి ఢిల్లీశ్వరరావు పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. యూనియన్‌లో చేరాడని క్రేన్ నడిపే గవరయ్యను కంపెనీ పనిలోంచి తీసేసి పద్నాలుగు నెలలైంది. ఇలాంటి కేసుల్లో కార్మికులు గెలిచిన పాత తీర్పులన్నీ కార్యదర్శిగారే వెతికి ఫైలు కట్టారు. ఇవాళ ఓడితే గవరయ్య మళ్లీ క్రేన్ ఎక్కడు.

ఆ ఫైలు బీరువాలో ఉంది. బీరువా తాళం, ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసు ఊడ్చి టీ కాస్తున్న జగ్గమ్మ బొడ్లో ఉంది.

"తాళం ఇయ్యి జగ్గమ్మా, టైమైపోతంది!"

"ఇస్తాను బావూ. ముందు నా ఆదివారం సెలవు సంగతి తేల్చు. మా సంఘపోళ్లు అడగమన్నారు."

"ఏ సంఘమే?"

"పాచిపని సేసేవోళ్ల సంఘం. మొన్ననే సేరినాను."

ఢిల్లీశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా సంఘాలు కట్టినవాడి ఆఫీసులో, వాడికే చెప్పకుండా ఇంకో సంఘమా! "నా ఆఫీసులో ఉండి వేరే యూనియన్‌లో సేరతావా? రేపట్నించి పన్లోకి రాకు!" అనేశాడు.

జగ్గమ్మ తాళం బొడ్లో ఇంకా లోపలికి దోపుకుంది. చీపురు గోడకు ఆనించి, గుమ్మంలో అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

సాక్షులుగా రావలసిన ఆరుగురూ వచ్చి బయటే ఆగిపోయారు. ధర్నాకు కూర్చున్న మనిషిని దాటకూడదన్నది ఆ రేవులో కట్టుబాటు. అది నేర్పింది ఢిల్లీశ్వరరావే, అందుకని లోపలున్న ఆయనకూ బయటికి రావడానికి మొహం చెల్లలేదు. గవరయ్య అయితే ఏకంగా జగ్గమ్మ పక్కనే చతికిలబడ్డాడు.

"ఒరే, ఇయ్యాల నీ కేసురా!"

"తెలుసు దాదా. గానీ జగ్గమ్మప్పని తీసీసినావు గదా. ఇదీ నా కేసునాగే ఉంది."

"ఏటి నీ కేసులాగా? ఆమె పర్మనెంటా? కాయితం ఏటైనా ఉందా? అసలిది ఫ్యాక్టరీ ఏటి, ఇక్కడ కార్మిక చట్టం నడవడానికి? ఆమె మీద నాకు నమ్మకం పోయింది, అంతే!"

అంటున్నకొద్దీ ఆ మాటలు ఎక్కడో చదివినట్టే ఉన్నాయి. కంపెనీ దాఖలు చేసిన జవాబులో ఉన్నవి అక్షరాలా అవే.

సరిగ్గా అప్పుడే కంపెనీ లేబర్ ఆఫీసరు ఆనందరావు, వాదనకు ముందు అందజేయాల్సిన కాగితాలు పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. టెక్కలి మనిషి, తెలుగు బాగా తెలుసు గనక ఒక్క ముక్క కూడా పోనివ్వలేదు. డైరీ తీసి గబగబా రాసుకుంటున్నాడు.

"కానీండి దాదా, కానీండి! మా లాయరు కూడా ఇంత బాగా చెప్పలేకపోయాడు."

ఢిల్లీశ్వరరావు ఆయన్ని అప్పుడే చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. తప్పయిందని కాగితం మీద రాసి, ఆదివారం సెలవిచ్చి, జగ్గమ్మను పనిలోకి తీసుకున్నాడు. గవరయ్య ఆ కాగితం రెండుసార్లు చదివి వినిపించాక గానీ ఆమె లేవలేదు, తాళం తీయలేదు.

ట్రైబ్యునల్‌లో కంపెనీ లాయరు ఆనందరావు డైరీలో రాసుకున్నదంతా చదివి వినిపించాడు. "యూనియన్ తన పనిమనిషిని ఇవాళే తీసేసింది. మేం చేసినదే వాళ్లూ చేశారు. ఇంక మా తప్పేముంది?"

జడ్జిగారు కళ్లజోడు మీదుగా చూశారు. "ఈ మాటలు మీరన్నారా?"

ఢిల్లీశ్వరరావు లేచి నిలబడ్డాడు. కాదంటే తనకోసం వచ్చిన ఆరుగురూ అబద్ధమాడాలి. అవునంటే గవరయ్య మునిగిపోతాడు. గవరయ్య మొహం చూశాడు, చూడలేక తల దించుకున్నాడు.

"అన్నాను సార్. అన్నీ తప్పే. అందుకే అరగంటలో తిరిగి పనిలోకి తీసుకున్నాను," అంటూ కాగితం అందించాడు.

జడ్జిగారు అది చదివి కంపెనీ లాయరు వైపు తిరిగారు. "ఈయనకు తప్పు తెలియడానికి అరగంట పట్టింది. మీకు పద్నాలుగు నెలలు చాలలేదా?"

మూడు వారాలకు తీర్పు వచ్చింది. గవరయ్య పని గవరయ్యకు దక్కింది. వాడు ఏడ్చాడు, వాణ్ణి కావలించుకుని ఢిల్లీశ్వరరావూ ఏడ్చాడు. తీర్పుకు యాభై కాపీలు తీయించి, ఇకమీదట ఏ కేసుకైనా ముందు ఇదే చూపించాలని రేవంతా పంచిపెట్టాడు. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని నాలుగో పేజీ చదివాడు.

కార్మికులను అన్యాయంగా తొలగించే యజమాని ఎలా మాట్లాడతాడో చెప్పడానికి జడ్జిగారు అక్కడ ఢిల్లీశ్వరరావు పేరే ఉదాహరించారు.