లాక్ పడని చిప్

ఆ ఉదయం అల్లుడుగారి ఏర్పాటు చాలా చిన్నది. పదకొండింటికి మేనేజరు ఇంటికొచ్చి బల్లమీది చిప్‌ను చూస్తాడు. పనిచేస్తే సరే, లేకపోతే ఆ డిజైను వేరేవాళ్ళ చేతికి పోతుంది. ఎఫ్ఎం తరంగం ఊగిసలాటలోంచి మాటను విడదీసి స్పీకరుకు అందించే చిప్ అది. స్టేషను ఎటు ఊగితే లోపలి సర్క్యూటు కూడా అటే అంటిపెట్టుకుని ఊగాలి. ఆ పట్టు దొరకడాన్నే లాక్ పడటం అంటారు. మూడు వారాలుగా అది పడటం లేదు. డిజైను రెండుసార్లు తిరగరాసినా స్పీకరులో బుస తప్ప మాట లేదు.

పొద్దున్నే ఫోనులో మేనేజరుకు మొరపెట్టుకున్నాడు. "లాక్ పడట్లేదు సార్. పడినట్టే పడి జారిపోతోంది. పక్కవాడు లోపలికి దూరిపోతున్నాడని నా అనుమానం."

పక్కవాడంటే పక్క స్టేషను. ఆ సంగతి వంటింట్లో ఉన్న అత్తగారికి తెలియదు. పక్కింటివాడే అనుకుంది, లాక్ అంటే ఇంటి తాళమేనని. కూతురు చూస్తే ఆఫీసుకెళ్ళిపోయింది. అల్లుడా, నోట్లో నాలుక లేనివాడు. అందుకే అతను మేనేజరును తీసుకురావడానికి బయటికి వెళ్ళగానే ఆవిడ తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించింది.

మేనేజరు అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఇద్దరూ ఇంటికి చేరేసరికి అల్లుడి తాళంచెవి తలుపుకు పట్టలేదు.

"అత్తయ్యగారూ, తలుపు తియ్యండి!"

కిటికీలోంచి అత్తగారు తొంగిచూసింది. "పక్కన ఆయనెవరు బాబూ?"

"మా మేనేజరండీ."

"మరి లోపలికి దూరేవాడు?"

"ఎవడండీ దూరేది?"

"పక్కవాడు! పొద్దున మీరే అన్నారుగా. అందుకే తాళం మార్పించేశాను."

ఆవిడ వెనకాల తాళాలవాడు చెమటలు తుడుచుకుంటున్నాడు. "కొత్త తాళం కదా సార్, మరీ గట్టిగా పడిపోయింది. ఇప్పుడు నాక్కూడా తెరుచుకోవట్లేదు."

అంతలో లోపలినుంచి ఎవరో ఆడమనిషి గొంతు, రేపు ఎండ తీవ్రంగా ఉంటుందని గలగలా చెబుతోంది.

"లోపల ఇంకెవరున్నారండీ?"

"ఎవరూ లేరు. మీ డబ్బానే. ఇందాకట్నుంచి ఒకటే వాగుడు."

మేనేజరు కిటికీ ఊచలకు చెవి ఆనించాడు. ఎక్కడా బుస లేదు. "లాక్ పడిందయ్యా! ఏం మార్చావు?"

"ఏమో సార్..." అన్నాడు అల్లుడు. తలుపెందుకు రావట్లేదో, చిప్ ఎందుకు పనిచేస్తోందో, రెండూ అతనికి అంతుపట్టలేదు.

తాళాలవాడు నసిగాడు. "డ్రిల్లు పెట్టుకుందామని ఆ బల్లమీది లైటు ప్లగ్గు పీకానండీ. తప్పయిందా?"

మూడు వారాల బుస, ఆ లైటు కరెంటు రొద రేడియోలోకి దూరడం వల్లే. చిప్‌లో ఏ లోపమూ లేదు. మొదటి డిజైనులోనూ ఉండి ఉండదు.

మేనేజరు ఆ కిటికీ దగ్గరే తాళాలవాడి ఫోన్ నంబరు రాసుకున్నాడు. అల్లుడి నంబరు ఎలాగూ ఉంది.