అమ్మిరాజు మీద నలభై మూడు ఫిర్యాదులు

ఆ సోమవారం ఉదయం అమ్మిరాజు పెట్టుకున్న పని ఒక్కటే, ఐసు మిషను బాగుచేసేవాడికి ఫోను చేయడం. ఉప్పలగుప్తం దగ్గరి రొయ్యల ఎగుమతి కంపెనీలో ఇరవై ఏళ్లుగా స్టోరు గుమస్తా ఆయన. అమెరికా ఆర్డర్లు తగ్గి, రెండు షిఫ్టులు ఒకటయ్యాక, కంపెనీ నీతి నియమాలు, ఫిర్యాదులు చూసే ఎథిక్స్ ఆఫీసరును ఇంటికి పంపేసి ఆ బాధ్యత కూడా అమ్మిరాజుకే అప్పగించింది. అప్పటినుంచి గ్లౌజులు, టోపీలు, ఐసుతో పాటు నీతి కూడా ఆయన స్టోరులోనే ఉంటోంది.

ఆయన నంబరు నొక్కేలోపే విశాఖ హెడ్డాఫీసు నుంచి హెచ్చార్ మేనేజరు జనార్దన్ ఫోను వచ్చింది.

"అమ్మిరాజు గారూ, మూడు నెలలుగా మీ బ్రాంచి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదేంటండీ?"

"ఆయ్. అందరూ మంచోళ్లేనండి."

"అలా అనకూడదు. ఫిర్యాదులు లేవంటే జనం నోరు విప్పడానికి భయపడుతున్నారని అర్థం. అమెరికా బయ్యర్లు అదే అడుగుతున్నారు. శుక్రవారంలోగా రాకపోతే వాళ్లు సరుకు కొనే లిస్టులోంచి మీ బ్రాంచి పేరు పోతుంది."

పేరు పోతే పని పోతుందని అమ్మిరాజుకు తెలుసు. తప్పులు లేకపోవడం తప్పెలా అయిందో మాత్రం తెలియలేదు. తాళం వేసిన ఫిర్యాదుల పెట్టెను రొయ్యలు ఒలిచే షెడ్డులోకి మోసుకెళ్లి, సూపర్‌వైజరు రాహేలుకు సంగతి చెప్పాడు.

"ఎవరి మీద రాయాలండీ?" అంది రాహేలు.

"ఎవరి మీదైనా."

"ఏం చేసేరని?"

"ఏదో ఒక తప్పు చేసేరని."

"తప్పు చేస్తే అక్కడే తిట్టేస్తాం గదండీ. మళ్లీ కాయితం దేనికి?"

"రాయకపోతే అందరికీ పని పోద్దమ్మా" అన్నాడు అమ్మిరాజు. కాగితం మీద 'ఎవరిపై ఫిర్యాదు' అనే గడి ఉంది. ఈ రోజుల్లో ఆ గడిలో పేరు పడినవాళ్ల గతేమిటని అందరూ భయపడ్డారు. మూడు రోజులు పెట్టె ఖాళీగానే ఉంది. గురువారం సాయంత్రం ఆయన ఎత్తి చూస్తే బరువుగా తగిలింది. పెట్టెను హెడ్డాఫీసు తప్ప ఎవరూ తెరవకూడదని నిబంధన. ఊపిరి పీల్చుకుని, తాళంతో సహా విశాఖకు పంపేశాడు.

తర్వాతి సోమవారం మాధురి అనే విచారణాధికారి కారులో దిగింది.

"నేను విచారణ మొదలెట్టాలండీ. ఈ బ్రాంచి ఎథిక్స్ ఆఫీసరు ఎవరు?"

"నేనేనండి, అమ్మిరాజుని."

ఆమె ఫైలు చూసింది. ఆయన ముఖం చూసింది. మళ్లీ ఫైలు చూసింది. "నిందితుడి పేరు కూడా అమ్మిరాజే."

"ఇక్కడ ఇంకో అమ్మిరాజు లేడండి."

"నలభై మూడు ఫిర్యాదులండీ. అన్నీ మీ మీదే."

అమ్మిరాజు కుర్చీలో కూలబడ్డాడు. మాధురి ఒక్కొక్కటే చదవసాగింది. 'అమ్మిరాజు గారు అడక్కుండానే గ్లౌజులు ఇచ్చేస్తున్నారు.' 'ఒంట్లో బాగోకపోయినా పనిలోకి వచ్చేస్తున్నారు.' 'పలకరిస్తే ఒకపట్టాన వదలరు.' వీరవేణి అనే ఆమె రాసింది మాత్రం గట్టిగా ఉంది: 'లంచం తీసుకున్నారు. ఎంతో గుర్తులేదు.'

"నియమం ప్రకారం విచారణ ఎథిక్స్ ఆఫీసరు ఎదుటే జరగాలి" అంది మాధురి. "నిందితుడు మాత్రం గదిలో ఉండకూడదు. మీరు బయటికి వెళ్లండి. కాదు, ఉండండి. అసలు ఏం చేయాలో నాకూ..."

అమ్మిరాజు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి టీ చెబుతానని బయటపడి రాహేలును పట్టుకున్నాడు.

"మీకు నేనేం అన్యాయం చేసేనమ్మా?"

రాహేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, అదేం మాటండీ! ఇంకొకళ్ల పేరు రాస్తే వాళ్ల పని పోద్ది. మీరైతే ఏమీ అనుకోరని రాసేనండి."

"అందరూ మాట్లాడుకునే రాసేరా?"

"లేదండి. ఎవరికాళ్లకే అలా అనిపించిందంట. వీరవేణేమో తనదెక్కడ చప్పగా ఉంటాదోనని లంచం రాసిందండి."

కోప్పడాలో సంతోషించాలో తెలియక అమ్మిరాజు గదిలోకి తిరిగొచ్చాడు. అప్పటికి మాధురి ఫోనులో జనార్దన్ గొంతు స్పీకరులో వినబడుతోంది.

"అబద్ధాలైతే ఇంకా మంచిదండీ! తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లని నోటీసు లేకుండా తీసేయొచ్చు. ఎలాగూ నలభై మందిని తగ్గించమంటున్నారు పైన. తేల్చి చెప్పండి."

మాధురి ఫోను పెట్టేసి, తల దించుకునే అడిగింది. "చెప్పండి అమ్మిరాజు గారూ. ఇవన్నీ అబద్ధాలే కదా?"

అద్దాల తలుపు అవతల నలభై మూడు తెల్ల టోపీలు కనిపిస్తున్నాయి. ఆ టోపీలన్నీ తన చేత్తో ఇచ్చినవే. అమ్మిరాజు గొంతు సవరించుకున్నాడు.

"నిజమేనండి."

"ఏది?"

"అన్నీనండి."

"లంచం కూడానా?"

"ఆయ్."

"ఎంత?"

"ఆ అమ్మాయి ఎంతని రాసిందండి?"

"గుర్తులేదని రాసింది."

"నాకూ గుర్తులేదండి."

మాధురి పెదవి కొరుక్కుంది. "డబ్బా, వస్తువా?"

"పనస తొనలండి. బాగా పండినవి."

ఆమె తలుపు వైపు చూసింది. ఆయన్ని చూసింది. ఇక ఏమీ అడగకుండా రాసుకుంది.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. నలభై మూడు ఫిర్యాదులు, నలభై మూడూ నిజమని తేలాయి కాబట్టి ఒక్కరినీ తీసేయడానికి వీల్లేదు. ఇంత ధైర్యంగా నోరు విప్పే కార్మికులు మరెక్కడా లేరని బయ్యర్లు ముచ్చటపడి, బ్రాంచిని లిస్టులో ఉంచారు. తప్పు తనంతట తాను ఒప్పుకున్నందున అమ్మిరాజుకు ఉద్యోగం మిగిలింది. శిక్షగా నీతి నియమాల మీద ఒకరోజు శిక్షణ పొందాలని, శిక్షణ ఆ బ్రాంచి ఎథిక్స్ ఆఫీసరే ఇవ్వాలని అందులో ఉంది.

శనివారం పది గంటలకు స్టోరు గదిలో క్లాసు మొదలైంది. హాజరు నూటికి నూరు శాతమని, విద్యార్థికి మాత్రం ఏమీ అర్థం కాలేదని అమ్మిరాజు నిజాయితీగా రిపోర్టు పంపాడు.